పైథాన్ సైన్స్ ప్యాకేజీలు: పిప్, కొండా, యూవీల మధ్య నలిగిపోతున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది నంపై, సైపై, పాండాస్, పైటార్చ్, జీడాల్ (మ్యాపు డేటా చదివేది) లాంటి పైథాన్ ప్యాకేజీలు వాడేవాళ్ల కోసం. పిప్, కొండా, యూవీ అనేవి ఆ ప్యాకేజీలను దించి వేసే సాధనాలు. వెబ్‌సైట్లు కట్టేవాళ్లకు ఈ తలనొప్పుల్లో సగం ఉండవు. ఆదేశాలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే ఇచ్చాం, టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఉదాహరణల్లో ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టు కోసం విడిగా కట్టుకున్న పైథాన్, దాని ప్యాకేజీలు) పేరు “వాన”. వర్షపాతం లెక్కలు చూసే ప్రాజెక్టు అనుకోండి.

ఇన్‌స్టాల్ అయిందని చెప్పింది, ఇంపోర్ట్ చేస్తే “నో మాడ్యూల్ నేమ్‌డ్” అంటోంది. ఎందుకు?

ప్యాకేజీ ఒక పైథాన్‌లోకి వెళ్లింది, మీరు నడుపుతున్నది ఇంకో పైథాన్. ఒక్కో కంప్యూటర్‌లో నాలుగైదు పైథాన్‌లు ఉండటం మామూలే: ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చినది, పైథాన్.ఆర్గ్ నుంచి దించుకున్నది, కొండా బేస్ (కొండాతోపాటే వచ్చే ఎన్విరాన్‌మెంట్), ప్రాజెక్టు ఎన్విరాన్‌మెంట్, ఎడిటర్ తనంతట తాను పట్టుకున్నది.

ముందు పైథాన్ తెరిచి “ఇంపోర్ట్ సిస్” అని, తరువాత “సిస్.ఎగ్జిక్యూటబుల్” అని కొట్టండి. “/హోమ్/యూజర్/మినీఫోర్జ్3/ఎన్వ్స్/వాన/బిన్/పైథాన్” అని వస్తే మీరు వాన ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నట్టు. “/యూఎస్ఆర్/బిన్/పైథాన్3” అని వస్తే అది సిస్టమ్ పైథాన్. ఆ తరువాత టెర్మినల్‌లో “పిప్ --వెర్షన్” కొట్టండి. ఆ లైనులో పిప్ ఏ ఫోల్డర్‌కి చెందినదో ఉంటుంది. ఈ రెండు దారులూ ఒకే పైథాన్‌వి కాకపోతే రోగం దొరికినట్టే.

మందు కూడా చిన్నదే. “పిప్ ఇన్‌స్టాల్” అనడం మానేసి ఎప్పుడూ “పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్” అనండి. అప్పుడు ఏ పైథాన్‌ని పిలిచారో దానిలోకే ప్యాకేజీ వెళ్తుంది.

ఎన్విరాన్‌మెంట్‌ని యాక్టివేట్ చేశాను కూడా. అయినా వేరేచోటికి ఎందుకు వెళ్లింది?

ఎక్కువగా జరిగేవి రెండు.

“కొండా క్రియేట్ -ఎన్ వాన” అని మాత్రమే కొడితే ఖాళీ ఎన్విరాన్‌మెంట్ వస్తుంది. అందులో పైథానూ ఉండదు, పిప్పూ ఉండదు. యాక్టివేట్ చేసి “పిప్” అంటే షెల్ పాత్‌లో (ఆదేశాల కోసం వెతికే ఫోల్డర్ల వరసలో) తరువాత దొరికిన పిప్‌ని, తరచుగా బేస్‌లోదాన్నే, పట్టుకొస్తుంది. మీరు వానలో వేశాననుకున్న 40 ప్యాకేజీలు బేస్‌లో కూర్చుంటాయి. కాబట్టి “కొండా క్రియేట్ -ఎన్ వాన పైథాన్=3.12” అని వెర్షన్‌తో సహా చెప్పండి.

రెండోది యూవీ వాడేవాళ్లకు ఎదురయ్యేది. “యూవీ వెన్వ్” చేసిన ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ మామూలుగా ఉండదు. అక్కడ “పిప్ ఇన్‌స్టాల్” అంటే ఇదే కథ మళ్లీ జరుగుతుంది. “యూవీ పిప్ ఇన్‌స్టాల్” అనాలి, లేదా ప్రాజెక్టు పద్ధతిలో “యూవీ యాడ్” వాడాలి.

పిప్, కొండా రెండూ ప్యాకేజీలే కదా వేసేది, అసలు తేడా ఏమిటి?

పిప్‌కి తెలిసింది పైథాన్ ప్యాకేజీలే. అవి పైపీఐ అనే పైథాన్ ప్యాకేజీల గోదాం నుంచి వస్తాయి. ఉన్న పైథాన్‌లోకి వాటిని దింపడమే దాని పని. పైథాన్‌ని అది తేలేదు, సీ లైబ్రరీని విడిగా తేలేదు. అందుకని పైపీఐలో నంపై వీల్ (ముందే కంపైల్ చేసి ఉంచిన ప్యాకేజీ ఫైల్) తనకు కావలసిన ఓపెన్‌బ్లాస్ అనే మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీని తన కడుపులోనే పెట్టుకుని వస్తుంది. సైపై కూడా తన కాపీ తాను తెచ్చుకుంటుంది. ఎవరి భోజనం వాళ్లే కట్టుకొచ్చినట్టు.

కొండా 2012లో పుట్టింది. సైన్స్ ప్యాకేజీలను విండోస్‌లో కంపైల్ చేయలేక జనం అల్లాడుతున్న రోజులవి. కొండాకు పైథాన్ కూడా ఒక ప్యాకేజీయే. ఆర్, హెచ్‌డీఎఫ్5, జీడాల్, “కూడా” (ఎన్‌విడియా జీపీయూల సాఫ్ట్‌వేర్, CUDA), ఫోర్ట్రాన్ కంపైలర్ అన్నీ దానికి సమానమే. అందరికీ కలిపి ఒకే వంట: బ్లాస్ (ఓపెన్‌బ్లాస్ లాంటి లెక్కల లైబ్రరీ) ఒక్కటే ఉంటుంది, నంపై, సైపై రెండూ దాన్నే పంచుకుంటాయి. కొండా-ఫోర్జ్ అనే కొండా ప్యాకేజీల గోదాంలో ఆ బ్లాస్‌ని మార్చుకోవచ్చు కూడా. మామూలుగా లైనక్స్‌లో ఓపెన్‌బ్లాస్ వస్తుంది, ఇంటెల్ ఎంకేఎల్ కావాలంటే “లిబ్‌బ్లాస్=*=*ఎంకేఎల్” అని అడగాలి. పిప్‌తో ఇలా మార్చుకోవడం కుదరదు.

మిగతా గొడవల్లో చాలావరకు ఈ తేడా నుంచే పుడతాయి.

అయితే ఏది వాడమంటారు?

నంపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, సైకిట్-లెర్న్ వరకే అయితే పిప్ గానీ యూవీ గానీ చాలు. వీటన్నిటికీ విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ మంచి వీల్స్ ఉన్నాయి. పదేళ్ల కిందటి సలహా విని వీటి కోసం కొండా పెట్టుకోవాల్సిన పని ఈరోజు లేదు.

జీడాల్, నెట్‌సీడీఎఫ్ సాధనాలు, ఆర్ కలిపిన పని, బయోఇన్ఫర్మాటిక్స్ సాధనాలు, విండోస్‌లో ఫోర్ట్రాన్ కోడ్, ఇలాంటివి ఒక్కటి ఉన్నా కొండా-ఫోర్జ్ వైపు వెళ్లండి. దానికి మినీఫోర్జ్ (కొండా ఇన్‌స్టాలర్) గానీ పిక్సీ (కొండా ప్యాకేజీలు వేసే ఇంకో సాధనం) గానీ వాడొచ్చు. కొత్తగా మొదలుపెట్టే బృందానికి మా ఓటు పిక్సీకే, ఎందుకంటే అది లాక్ ఫైల్‌ని (ఏ ప్యాకేజీ ఖచ్చితంగా ఏ వెర్షనో రాసి ఉంచేదాన్ని) అడక్కుండానే రాస్తుంది. ఇప్పటికే కొండా అలవాటైనవాళ్లు మారకపోయినా మునిగిపోయేదేమీ లేదు.

అనకొండా, మినీకొండా, మినీఫోర్జ్: మూడూ ఒకటేనా? ఆఫీసులో డబ్బు కట్టాలంటున్నారు.

కొండా అనే సాధనం ఓపెన్ సోర్స్, దానికి డబ్బు లేదు. అనకొండా అంటే కొండాతోపాటు వందల ప్యాకేజీలు ముందే నింపి ఇచ్చే కంపెనీ మూట. మినీకొండా అంటే ఆ మూటలో పైథాన్, కొండా మాత్రమే. ఈ రెండూ ప్యాకేజీలను “డిఫాల్ట్స్” అనే కంపెనీ ఛానెల్ (ప్యాకేజీల గోదాం) నుంచి తెస్తాయి. 2020లో ఆ ఛానెల్ నిబంధనలు మారాయి. 200 మందికి మించి ఉన్న సంస్థ వాడుకుంటే లైసెన్స్ కొనాలి. మినీఫోర్జ్ మాత్రం మొదటి నుంచీ కొండా-ఫోర్జ్ ఛానెల్‌నే వాడుతుంది. అది సముదాయం నడిపేది, దానికి ఈ షరతు వర్తించదు.

హైదరాబాదు ఐటీ కంపెనీల్లో చాలామందికి ఈ సంగతి ఫైర్‌వాల్ వాళ్లు డిఫాల్ట్స్ ఛానెల్‌ని అడ్డేశాకే తెలుస్తుంది. మీ దగ్గర ఏముందో చూడటానికి “కొండా కాన్ఫిగ్ --షో ఛానెల్స్” కొట్టండి. ప్యాకేజీలు ఎక్కడి నుంచి వచ్చాయో “కొండా లిస్ట్ --షో-ఛానెల్-యూఆర్‌ఎల్స్” చెబుతుంది. మినీకొండాలో ఛానెల్ మారిస్తే సరిపోతుంది కదా అనుకుంటారు గానీ పాత ఎన్విరాన్‌మెంట్లలో డిఫాల్ట్స్ ప్యాకేజీలు అలాగే ఉండిపోతాయి. తీసేసి మినీఫోర్జ్ వేసుకోవడమే శుభ్రం.

రెండు ఛానెళ్లూ కలిపి వాడితే?

వద్దు. ఒకే లైబ్రరీని రెండు చోట్లా వేరువేరు కంపైలర్ అమరికలతో కడతారు. కలిపితే “అన్‌డిఫైన్‌డ్ సింబల్” లాంటి ఎర్రర్లు వస్తాయి. తప్పనిసరి అయితే “కొండా కాన్ఫిగ్ --సెట్ ఛానెల్_ప్రయారిటీ స్ట్రిక్ట్” పెట్టండి. అప్పుడు పై ఛానెల్‌లో ఉన్న ప్యాకేజీ కోసం కింది ఛానెల్‌ని చూడదు.

కొండా ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ వాడొచ్చా?

వాడొచ్చు, వరస తప్పకూడదు.

రెండు సాధనాలూ ఒకే “సైట్-ప్యాకేజెస్” ఫోల్డర్‌లో రాస్తాయి. కొండా తను వేసినవాటి చిట్టా “కొండా-మెటా” అనే ఫోల్డర్‌లో రాసుకుంటుంది. పిప్ ఆ చిట్టాను చూడదు. పిప్ వేసినవి “కొండా లిస్ట్”లో పైపీఐ అన్న పేరుతో కనబడతాయి గానీ, కొత్త ప్యాకేజీ కోసం లెక్కలు వేసేటప్పుడు కొండా వాటిని లెక్కలోకి తీసుకోదు.

వానలో కొండాతో నంపై 1.26 వేశారనుకోండి. తరువాత పిప్‌తో ఒక చిన్న ప్యాకేజీ వేశారు, దానికి నంపై 2 కావాలి. పిప్ కొండా వేసిన నంపైని తీసేసి పైపీఐ వీల్ పెట్టింది. కొండా చిట్టాలో ఇంకా 1.26 అనే ఉంది. వారం తరువాత “కొండా ఇన్‌స్టాల్ ఎక్స్అర్రే” అన్నారు. కొండా తన చిట్టా చూసి నంపైని కదిలిస్తుంది, పాత ఫైళ్లమీద కొత్తవి పడతాయి. చివరికి ఫోల్డర్‌లో ఒక వెర్షన్ “డిస్ట్-ఇన్ఫో” (ప్యాకేజీ వివరాలు), ఇంకో వెర్షన్ “.ఎస్ఓ” (కంపైల్ అయిన) ఫైళ్లు మిగులుతాయి. ఎర్రర్ మాత్రం నంపై పేరు ఎక్కడా చెప్పకుండా మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనో సైపైలోనో పైకి తేలుతుంది.

అందుకే పద్ధతి ఇది. కావలసినవన్నీ ముందు కొండాతో ఒకేసారి వేయండి. కొండా-ఫోర్జ్‌లో లేనివి మాత్రమే చివర్లో పిప్‌తో వేయండి. వేసేముందు “పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --డ్రై-రన్ ఫలానా” అని చూడండి. అది నంపైనో సైపైనో మారుస్తానంటే ఆగండి, దానికి కావలసిన మిగతావాటిని ముందు కొండాతో తెచ్చుకుని, “--నో-డెప్స్” పెట్టి ఆ ఒక్క ప్యాకేజీనే పిప్‌తో వేయండి. తరువాత “పిప్ చెక్” నడిపితే తేడాలుంటే చెబుతుంది. ఒకసారి పిప్ వాడాక మళ్లీ కొండాతో ఏదైనా వేయాల్సి వస్తే ఫైల్‌లో రాసుకుని ఎన్విరాన్‌మెంట్‌ని కొత్తగా కట్టండి.

“ఎన్విరాన్‌మెంట్.వైఎంఎల్” ఫైల్‌లో “పిప్:” అనే భాగం ఉన్నది ఈ వరస కోసమే. పైన రాసినవి కొండా వేశాకే ఆ భాగం పిప్‌కి అందుతుంది.

“నంపై 1.x తో కంపైల్ చేసిన మాడ్యూల్ నంపై 2 లో నడవదు” అంటోంది.

నంపై 2.0 జూన్ 2024లో వచ్చింది. దానితో ఏబీఐ మారింది. అంటే పైథాన్ కోడ్ అలాగే ఉన్నా, సీలో కంపైల్ అయిన ప్యాకేజీలు నంపై లోపలి నిర్మాణాలను చూసే తీరు మారింది. 1.x మీద కట్టిన ప్యాకేజీ 2 మీద నడవదు. 2.0 మీద కట్టినది 1.x మీద కూడా నడుస్తుంది. ఈ గొడవ ఒకవైపే ఉంటుంది. “నంపై.డీటైప్ సైజ్ చేంజ్‌డ్, మే ఇండికేట్ బైనరీ ఇన్‌కంపాటిబిలిటీ” అనే ఎర్రర్ కూడా ఈ కుటుంబానిదే.

ఇది పిప్ వాడేవాళ్లకే ఎక్కువ ఎందుకొచ్చింది? చాలా పాత ప్యాకేజీలు “నంపై 1.20 కన్నా పైన ఏదైనా సరే” అని రాసుకున్నాయి, పై హద్దు పెట్టుకోలేదు. పిప్ మాట ప్రకారమే 2.0 తెచ్చి పెట్టింది. కొండా-ఫోర్జ్‌లో కంపైల్ చేసేటప్పుడే “2 కన్నా తక్కువ” అన్న హద్దు దానంతటదే చేరింది.

ట్రేస్‌బ్యాక్‌ని కింది నుంచి పైకి చదవండి. నంపైకి దగ్గర్లో, నంపై కాని మొదటి ప్యాకేజీ పేరేదో అదే దోషి. దాన్ని అప్‌గ్రేడ్ చేయండి. పాండాస్ అయితే 2.2.2 నుంచి, సైపై అయితే 1.13 నుంచి నంపై 2తో నడుస్తాయి. ఆ ప్యాకేజీని ఎవరూ పట్టించుకోవడం మానేసి కొత్త విడుదలే లేకపోతే “నంపై<2” అని కట్టేయండి. ఆ గుర్తును కొటేషన్లలో పెట్టడం మరవకండి, లేకపోతే షెల్ దాన్ని ఫైల్ మళ్లింపు అనుకుని “2” అనే పేరున్న ఫైల్ కోసం వెతుకుతుంది.

అయితే “నంపై<2” కట్టిన ఎన్విరాన్‌మెంట్‌కి పైథాన్ 3.13 పనికిరాదు. 1.26 వీల్స్ 3.9 నుంచి 3.12 వరకే ఉన్నాయి, 3.13కి నంపై 2.1 మొదటిది.

ఇన్‌స్టాల్ చేస్తుంటే ఏదో కంపైల్ అవుతూ పేజీలకు పేజీల ఎర్రర్ వస్తోంది. విండోస్‌లో “విజువల్ సీ++ 14.0 కావాలి” అంటోంది.

మీ పైథాన్ వెర్షన్‌కీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కీ, ప్రాసెసర్‌కీ సరిపోయే వీల్ దొరకలేదు. అందుకని పిప్ సోర్స్ కోడ్ దించుకుని మీ మెషీన్‌లోనే కట్టబోయింది. కంపైలర్ వేసుకోవడం ఆఖరి దారి. ముందు వీల్ ఎందుకు దొరకలేదో చూడండి.

పైథాన్ మరీ కొత్తది కావచ్చు. ప్రతి అక్టోబరులో కొత్త పైథాన్ వస్తుంది, సైన్స్ ప్యాకేజీలన్నీ దాన్ని అందుకోవడానికి నెలలు పడుతుంది. విడుదలైన వారంలోనే ఎక్కడం కొరివితో తల గోక్కోవడమే. ఒక వెర్షన్ వెనక ఉండండి. లేదా ప్యాకేజీ మరీ పాతది కావచ్చు: 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే పాత ప్యాకేజీలు కట్టే మాడ్యూల్‌ని తీసేశారు, దానిమీద ఆధారపడిన పాత సోర్స్‌లు “నో మాడ్యూల్ నేమ్‌డ్ డిస్ట్‌యుటిల్స్” అని అక్కడే కూలబడతాయి. లేదా 32 బిట్ పైథాన్ వేసుకుని ఉంటారు. లేదా లైనక్స్ పాతది: “మానీలైనక్స్2014” వీల్స్‌కి జీలిబ్‌సీ (లైనక్స్ మూల సీ లైబ్రరీ) 2.17 చాలు గానీ, “మానీలైనక్స్_2_28” వాటికి 2.28 కావాలి. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17, దాని గడువే జూన్ 2024తో తీరిపోయింది.

“--ఓన్లీ-బైనరీ=:ఆల్:” అని పెడితే పిప్ కంపైల్ జోలికి పోదు. వీల్ లేకపోతే వెంటనే లేదని చెబుతుంది, లేదా వీల్ ఉన్న పాత వెర్షన్ తెస్తుంది. ఎర్రర్ రెండు లైన్లలో తేలిపోతుంది.

పిప్‌లో ఒక పేరు, కొండాలో ఒక పేరు, ఇంపోర్ట్‌లో ఇంకో పేరు. గుర్తుపెట్టుకునేదెలా?

గుర్తుపెట్టుకోలేం, వెతుక్కోవాలి. ఎక్కువగా తగిలేవి ఇవి. పిప్‌లో “టార్చ్”, కొండా-ఫోర్జ్‌లో “పైటార్చ్”, ఇంపోర్ట్‌లో “టార్చ్”. పిప్‌లో “టేబుల్స్”, కొండాలో “పైటేబుల్స్”. పిప్‌లో “ఓపెన్‌సీవీ-పైథాన్”, కొండాలో “ఓపెన్‌సీవీ”, ఇంపోర్ట్ చేసేది “సీవీ2”. “సైకిట్-ఇమేజ్” అని వేసి “ఎస్‌కేఇమేజ్” అని పిలవాలి. “పిల్లో” వేసి “పీఐఎల్” అనాలి. “సైకిట్-లెర్న్” వేసి “ఎస్‌కేలెర్న్” అనాలి. పైపీఐలో “ఎస్‌కేలెర్న్” అనే పేరు వాడకండి, అది ఎర్రర్ ఇవ్వడానికే ఉంది.

ఎర్రర్‌లో ఉన్న ఇంపోర్ట్ పేరునే గుడ్డిగా “పిప్ ఇన్‌స్టాల్” చేసే అలవాటు ప్రమాదం. పైపీఐలో ఎవరైనా ఏ పేరుతోనైనా ప్యాకేజీ పెట్టొచ్చు, అందులో దొంగ సరుకు ఉండొచ్చు.

ఉబుంటులో “ఎక్స్‌టర్నల్లీ మేనేజ్‌డ్ ఎన్విరాన్‌మెంట్” అని పిప్ మొరాయిస్తోంది.

మంచిదే. సిస్టమ్ పైథాన్ మీద ఉబుంటు సొంత పనిముట్లు ఆధారపడి ఉంటాయి. “సుడో పిప్ ఇన్‌స్టాల్” వాటిని చెడగొట్టేది. అందుకే డెబియన్ 12 నుంచి, ఉబుంటు 23.04 నుంచి అక్కడ పిప్‌కి తలుపు వేశారు. “--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్” అనే తాళంచెవి ఉంది, పేరులోనే హెచ్చరిక ఉంది కాబట్టి వాడకండి. “పైథాన్3 -ఎం వెన్వ్ వాన” అని ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి. అది కుదరదంటే ముందు “ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్” చేయాలి. ఎక్కడైనా పిలవాల్సిన కమాండ్ లైన్ సాధనం ఒక్కటే కావాలంటే “పిప్ఎక్స్” గానీ “యూవీ టూల్ ఇన్‌స్టాల్” గానీ వాడండి.

జూపిటర్‌లో మాత్రం పాత వెర్షనే కనిపిస్తోంది.

నోట్‌బుక్ నడిచేది కెర్నల్ (సెల్‌లోని కోడ్‌ని నడిపే పైథాన్ ప్రాసెస్) మీద. జూపిటర్ తెరిచిన ఎన్విరాన్‌మెంట్ వేరు, కెర్నల్ ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరు కావచ్చు. సెల్‌లో “సిస్.ఎగ్జిక్యూటబుల్” చూస్తే తెలిసిపోతుంది. వానని జూపిటర్‌కి చూపించడానికి, వాన యాక్టివేట్ అయి ఉండగా ఐపైకెర్నల్ వేసి, “పైథాన్ -ఎం ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ వాన” కొట్టండి. సెల్ నుంచి ప్యాకేజీ వేయాలంటే ముందు ఆశ్చర్యార్థకం పెట్టి “!పిప్” అనొద్దు, “%పిప్ ఇన్‌స్టాల్” అనండి. మొదటిది షెల్‌కి దొరికిన పిప్, రెండోది ఈ కెర్నల్‌ది. వేశాక కెర్నల్‌ని రీస్టార్ట్ చేయాలి, అప్పటికే ఇంపోర్ట్ అయిన మాడ్యూల్ దానంతటది మారదు.

ఎన్విరాన్‌మెంట్ తీసేసినా ఆ పేరు జూపిటర్ జాబితాలో ఉండిపోతుంది. “జూపిటర్ కెర్నల్‌స్పెక్ లిస్ట్” చూసి తీసేయండి.

జీడాల్ పిప్‌తో ఎందుకు రాదు?

పైపీఐలో జీడాల్‌కి సోర్సే ఉంది, వీల్ లేదు. ఆ సోర్స్ కూడా జీడాల్ మొత్తం కాదు, సీ++ లైబ్రరీని పైథాన్ నుంచి పిలిచే పొర మాత్రమే. అసలు లైబ్రరీ ముందే మీ మెషీన్‌లో ఉండాలి, వెర్షన్ కూడా కలవాలి. ఉబుంటులో “లిబ్‌జీడాల్-డెవ్” వేసి “జీడాల్-కాన్ఫిగ్ --వెర్షన్” అడగండి. 3.8.4 అని వస్తే “జీడాల్==3.8.4” అనే వేయాలి.

అది కూడా సజావుగా వేశాక, రాస్టర్ (గడుల రూపంలోని మ్యాపు డేటా) చదవబోతే “_జీడాల్_అర్రే లేదు” అని ఇంకో దెబ్బ. పిప్ ప్యాకేజీని విడి గదిలో కడుతుంది, ఆ గదిలో నంపై లేకపోతే ఆ భాగాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ముందు నంపై, సెటప్‌టూల్స్, వీల్ మూడూ వేసి, “--నో-బిల్డ్-ఐసోలేషన్ --నో-క్యాష్-డిర్” రెండూ పెట్టి మళ్లీ కట్టండి. క్యాష్ సంగతి మరిస్తే పాత అరకొర బిల్డే తిరిగి వస్తుంది.

ఇంత తంటా వద్దనుకుంటే, “కొండా ఇన్‌స్టాల్ -సీ కొండా-ఫోర్జ్ జీడాల్” అని ఒక్క ముక్కలో పోతుంది. ఇస్రో భువన్ సైట్ నుంచి కార్టోడెమ్ (నేల ఎత్తుల డేటా) జియోటిఫ్ ఫైల్ దించుకుని చదవడమే పనైతే అసలు జీడాల్ పైథాన్ పొర అక్కర్లేదు. అలాంటి ఫైళ్లు చదివే రాస్టెరియో ప్యాకేజీకి వీల్ ఉంది, జీడాల్ దాని కడుపులోనే ఉంటుంది. కాకపోతే విండోస్‌లో పోస్ట్‌జీఐఎస్ వేసుకున్నవాళ్లకు “ప్రాజ్.డీబీ” (మ్యాపు కోఆర్డినేట్ల వివరాల డేటాబేస్) వెర్షన్ పాతదని ఎర్రర్ రావచ్చు. “ప్రాజ్_లిబ్” అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని పోస్ట్‌జీఐఎస్ తన ఫోల్డర్‌కి తిప్పి ఉంటుంది, దాన్ని తీసేయండి.

పైటార్చ్ వేశాను, జీపీయూ కనబడటం లేదు.

“టార్చ్.వెర్షన్.కూడా” అని అడగండి. “నన్” అని వస్తే మీకు దక్కింది సీపీయూ బిల్డ్. విండోస్‌లో పైపీఐ నుంచి మామూలుగా వేస్తే వచ్చేది అదే. జీపీయూ బిల్డ్ కోసం పైటార్చ్ సొంత ఇండెక్స్ చిరునామాను “--ఇండెక్స్-యూఆర్‌ఎల్”తో ఇవ్వాలి. ఏ చిరునామానో పైటార్చ్ సైట్‌లో మీ వివరాలు ఎంచుకుంటే చూపిస్తుంది. పాత బిల్డ్‌ని ముందు అన్‌ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే పిప్ “ఇప్పటికే ఉంది” అని ఊరుకుంటుంది.

“ఎన్‌విడియా-ఎస్ఎంఐ” పైన కుడివైపు చూపే “కూడా” (CUDA) వెర్షన్ మీ మెషీన్‌లో ఉన్న టూల్‌కిట్‌ది కాదు. ఆ డ్రైవర్ మోయగలిగిన గరిష్ఠ వెర్షన్ అది. మీరు ఎంచుకునే బిల్డ్ దానికి మించకూడదు, అంతే. టూల్‌కిట్‌ని విడిగా వేయాల్సిన పని లేదు, వీల్స్ తమకు కావలసినవి తెచ్చుకుంటాయి.

“కొండా ఇన్‌స్టాల్ పైటార్చ్ -సీ పైటార్చ్” అని చెప్పే పాత పాఠాలను వదిలేయండి. 2.5 తరువాత పైటార్చ్ బృందం ఆ ఛానెల్‌కి విడుదలలు ఆపేసింది. కొండా కావాలంటే కొండా-ఫోర్జ్‌లోది వాడండి.

టెన్సర్‌ఫ్లో అయితే విండోస్‌లో నేరుగా జీపీయూ మద్దతు 2.10తోనే ఆగిపోయింది. డబ్ల్యూఎస్ఎల్2లో (విండోస్ లోపల నడిచే లైనక్స్‌లో) నడపాలి.

“ఓఎంపీ ఎర్రర్ 15” వచ్చి ప్రోగ్రాం ఆగిపోతోంది.

ఒకే ప్రాసెస్‌లోకి ఓపెన్‌ఎంపీ (లెక్కను అనేక కోర్లకు పంచేది) లైబ్రరీ కాపీలు రెండు వచ్చాయి. కొండా తెచ్చిన ఎంకేఎల్‌తో ఒకటి, పిప్ తెచ్చిన టార్చ్‌తో ఒకటి వచ్చి ఉంటాయి. నెట్‌లో అందరూ చెప్పే “కేఎంపీ_డూప్లికేట్_లిబ్_ఓకే=ట్రూ” నోరు మూయిస్తుంది గానీ జబ్బు నయం చేయదు. లెక్కలు చప్పుడు లేకుండా తప్పు రావచ్చని ఆ ఎర్రర్ సందేశమే చెబుతుంది. రిసెర్చ్ ఫలితాలకు అది పెట్టకండి. టార్చ్, నంపై రెండింటినీ ఒకే చోటి నుంచి తెచ్చుకుంటే పోతుంది.

క్లస్టర్‌లో హోమ్ ఫోల్డర్ కోటా నిండిపోతోంది.

ఐఐటీ హైదరాబాదులోని పరమ్ సేవ లాంటి సూపర్ కంప్యూటర్ అయినా, కాలేజీలో నాలుగు నోడ్ల క్లస్టర్ అయినా సంగతి ఒకటే. కొండా ఎన్విరాన్‌మెంట్ అంటే వేల కొద్దీ చిన్న ఫైళ్లు. కోటాలో జీబీలు మిగిలినా ఫైళ్ల సంఖ్య హద్దు దాటుతుంది. “.కొండాఆర్‌సీ”లో “ఎన్వ్స్_డిర్స్”, “పీకేజీఎస్_డిర్స్” రెండింటినీ ప్రాజెక్టు డిస్క్‌కి మళ్లించండి. రెండూ ఒకే డిస్క్ మీద ఉండాలి. ఒకే డిస్క్ అయితే కొండా హార్డ్‌లింక్‌లతో (ఉన్న ఫైల్‌కే ఇంకో పేరు పెట్టి) పని కానిచ్చి స్థలం మిగులుస్తుంది, వేరువేరైతే ప్రతి ఫైల్‌నీ కాపీ చేస్తుంది. అప్పుడప్పుడు “కొండా క్లీన్ --ఆల్”, “పిప్ క్యాష్ పర్జ్” నడపండి.

ఇంకా మూడు విషయాలు. ఎంపీఐ4పై ప్యాకేజీని కొండా ఎంపీఐతో (నోడ్ల మధ్య డేటా పంపే లైబ్రరీతో) వాడితే అది క్లస్టర్ వేగమైన నెట్‌వర్క్‌ని పట్టుకోకపోవచ్చు. క్లస్టర్ ఎంపీఐ మాడ్యూల్‌ని లోడ్ చేసి, “--నో-బైనరీ=ఎంపీఐ4పై” తో అక్కడే కట్టండి. లాగిన్ నోడ్‌లో జీపీయూ లేక కొండా సీపీయూ బిల్డ్ ఎంచుకుంటుంటే, “కొండా_ఓవర్‌రైడ్_కూడా” వేరియబుల్‌లో “కూడా” (CUDA) వెర్షన్ పెట్టి క్రియేట్ చేయండి. ఎప్పుడో “పిప్ ఇన్‌స్టాల్ --యూజర్”తో “.లోకల్” ఫోల్డర్‌లో పడినవి ఆ వెర్షన్ పైథాన్ ఉన్న ప్రతి కొండా ఎన్విరాన్‌మెంట్‌లోకీ దూరి ముందుకొచ్చి కూర్చుంటాయి. జాబ్ స్క్రిప్ట్‌లో “పైథాన్‌నోయూజర్‌సైట్=1” పెడితే అవి కనబడవు.

నెట్ లేని మెషీన్‌లో ఎలా వేయాలి?

నెట్ ఉన్న మెషీన్‌లో “పిప్ డౌన్‌లోడ్ -డి వీల్స్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ” చేసి ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. అక్కడ “పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ వీల్స్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ”. దించే మెషీన్ విండోస్, వేసేది లైనక్స్ అయితే “--ప్లాట్‌ఫామ్”, “--పైథాన్-వెర్షన్”, “--ఓన్లీ-బైనరీ=:ఆల్:” కూడా ఇవ్వాలి. కొండా అయితే కొండా-ప్యాక్‌తో ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని మూట కట్టొచ్చు, రెండు మెషీన్లూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ అయితేనే.

ఎన్విరాన్‌మెంట్‌ని ఇంకొకరికి ఇవ్వాలంటే ఏ ఫైల్ ఇవ్వాలి?

“పిప్ ఫ్రీజ్”ని కొండా ఎన్విరాన్‌మెంట్‌లో కొడితే “నంపై @ ఫైల్:///...” అని ఎవరిదో బిల్డ్ మెషీన్ దారులు రావచ్చు. అవతలివాళ్లకు అది కాగితం ముక్కతో సమానం. “కొండా ఎన్వ్ ఎక్స్‌పోర్ట్” బిల్డ్ గుర్తులతో సహా ఇస్తుంది, లైనక్స్‌ది విండోస్‌లో తెరుచుకోదు. “--ఫ్రమ్-హిస్టరీ” పెడితే మీరు స్వయంగా అడిగినవే వస్తాయి, ఏ సిస్టమ్‌కైనా పనికొస్తుంది, కానీ పిప్‌తో వేసినవి అందులో ఉండవు.

మా సలహా: రెండు ఫైళ్లు ఉంచండి. ఒకటి చేత్తో రాసినది, మీకు నిజంగా కావలసిన ఏడెనిమిది ప్యాకేజీలు, అవసరమైన హద్దులతో. రెండోది సాధనం రాసిన లాక్ ఫైల్. యూవీకి “యూవీ.లాక్”, పిక్సీకి “పిక్సీ.లాక్”, కొండాకి కొండా-లాక్ అనే విడి సాధనం. రెండూ గిట్‌లో పెట్టండి. ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ని మాత్రం గిట్‌లో పెట్టకండి.

ఫోల్డర్ పేరు మార్చాను, “బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్” అంటోంది.

స్క్రిప్ట్‌ల మొదటి లైన్‌లో పైథాన్ పూర్తి దారి రాసి ఉంటుంది. పేరు మారిస్తే ఆ దారి చచ్చిపోతుంది. ఎన్విరాన్‌మెంట్‌లను జరపకూడదు. తీసేసి కొత్తచోట కట్టండి. విండోస్‌లో ఇంకో మాట: యూజర్ పేరులో ఖాళీలు గానీ తెలుగు అక్షరాలు గానీ ఉంటే మినీఫోర్జ్‌ని ఆ ఫోల్డర్‌లో కాకుండా “సీ:\మినీఫోర్జ్3” లాంటి చోట వేయండి.

“సాల్వింగ్ ఎన్విరాన్‌మెంట్” గంటసేపు తిరుగుతోంది.

మీ కొండా పాతది. 23.10 నుంచి లిబ్‌మాంబా సాల్వర్ (ఏ వెర్షన్లు ఒకదానితో ఒకటి కుదురుతాయో లెక్కగట్టేది) మామూలుగా వస్తుంది, చాలా వేగం. అప్పటికీ తిరుగుతుంటే మీరు బేస్‌లోనే అన్నీ వేస్తుండాలి. బేస్‌లో కొండాని తప్ప ఏమీ పెట్టకండి.

పాడైన ఎన్విరాన్‌మెంట్‌ని బాగుచేసుకోవాలా, కొత్తది కట్టాలా?

పిప్ కలపని కొండా ఎన్విరాన్‌మెంట్ అయితే “కొండా లిస్ట్ --రివిజన్స్” చూసి “కొండా ఇన్‌స్టాల్ --రివిజన్ 7” లాగా వెనక్కి వెళ్లొచ్చు. పిప్ కలిసి ఉంటే ఇది నమ్మదగినది కాదు. పదిహేను నిమిషాల్లో తేలకపోతే “కొండా ఎన్వ్ రిమూవ్ -ఎన్ వాన” కొట్టి, ఫైల్ నుంచి మళ్లీ కట్టండి. ఫైల్ లేకపోతే తీసేసే ముందు “కొండా లిస్ట్” ఫలితాన్ని ఒకచోట దాచుకోండి.